గవ్వలరేవులో భయ నిర్ధారణ

మా గవ్వలరేవు శాఖా గ్రంథాలయానికి దెయ్యాలు అట్టపెట్టెల్లో వచ్చాయి.

పాల కేంద్రం మేడ మీద ఉన్న ఒంటిగది మా గ్రంథాలయం. కింద క్యాన్ల చప్పుడు, పైన ఫ్యాను చప్పుడు, మధ్యలో పేపరు తిరగేసే నలుగురైదుగురు పెద్దమనుషులు. అప్పటిదాకా మా ఊరి పఠనోద్యమం అంతే. ఆ గదికి నేను గ్రంథపాలకుణ్ణి. అటెండరు పోస్టు ఖాళీగా ఉండటంతో అటెండర్ని కూడా నేనే. నాకు మంచినీళ్ళు కావాలంటే నన్ను నేనే పంపించుకునేవాణ్ణి.

ఆ ఏడాది జిల్లా గ్రంథ వికాస మండలి వారు ఒక సంగతి కనిపెట్టారు. ప్రజలు చదవడం లేదు. ఎందుకు చదవడం లేదంటే, పుస్తకాల నిండా అక్షరాలే ఉండటం వల్ల. మండలి అధ్యక్షులవారు ఏదో సదస్సుకు వెళ్ళి, ఇక భవిష్యత్తంతా బొమ్మల కథలదేనని విని వచ్చారు. వచ్చిన వారంలోనే ఉత్తర్వులు జారీ అయ్యాయి. జిల్లాలోని ప్రతి శాఖకూ రెండు రకాల పుస్తకాలు సరఫరా అయ్యాయి: ఒకటి సాహస విభాగం, రెండోది భయానక విభాగం. సాహసంలో గరుడకేతు అనేవాడు గాజు మనుషుల్ని పగలగొడుతుంటాడు. భయానకంలో 'ఇస్త్రీ పెట్టెలో ఆత్మ', 'లిఫ్టులో ఎవరు?' వంటివి ఉన్నాయి. అన్నీ రంగుల బొమ్మలు. పెట్టె విప్పగానే కొత్త సిరా వాసన గదంతా కమ్మింది.

నిజం చెప్పాలంటే మండలి లెక్క తప్పలేదు. జనం వచ్చారు. ఆటో తోలే చెల్లయ్య సవారీల మధ్య ఖాళీ దొరికితే చాలు, మేడెక్కి గరుడకేతు ముందు కూర్చునేవాడు. పేపరు పెద్దమనుషులు కూడా పేపరు చాటున బొమ్మల పుస్తకం పెట్టుకుని చూడటం నేను గమనించాను. అందరికంటే శ్రద్ధగా వచ్చింది మాత్రం పేరిందేవి గారు.

పేరిందేవి గారంటే ఊళ్ళో ఎవరికీ తెలియదు, టైపు మేడం గారంటే తెలియనివాళ్ళు లేరు. టైపు మిషన్లు బతికున్నంత కాలం ఆవిడ ఇన్‌స్టిట్యూట్ నడిపారు. నాకూ ఆవిడే నేర్పారు. తప్పు కొడితే వేళ్ళ మీద స్కేలుతో కొట్టేవారు కాదు. ఆ కాయితం మన కళ్ళముందే నిదానంగా చింపేవారు. అది ఇంకా ఎక్కువ నొప్పి. ఆ మధ్య కంటి ఆపరేషన్ అయ్యాక సన్నక్షరాలు చదవొద్దని డాక్టరు చెప్పడంతో ఆవిడకు పొద్దుపోక కొట్టుకుంటున్న రోజులవి. బొమ్మల పుస్తకాల్లో అక్షరాలు తక్కువ, ఉన్నవి పెద్దవి. ఒక దెయ్యాల పుస్తకం పట్టుకెళ్ళి మర్నాడే తెచ్చి ఇంకోటి అడిగారు.

ఇంతవరకూ ఏ గొడవా లేదు. గొడవ అభిప్రాయాలతో మొదలయింది.

పుస్తకం తిరిగిచ్చే ప్రతి పాఠకుడూ తన అభిప్రాయం రాసివ్వాలని, రాయనివాళ్ళకు ఇంకో పుస్తకం ఇవ్వరాదని, ఆ అభిప్రాయాలన్నీ నెలనెలా తమకు పంపాలని మండలి ఉత్తర్వు వచ్చింది. చాలామంది 'బాగుంది' అని రాసి సంతకం పెట్టేవారు. పేరిందేవి గారు అలా కాదు. టైపు పరీక్ష పేపరు దిద్దినట్టే దిద్దేవారు. 'ఇస్త్రీ పెట్టెలో ఆత్మ' గురించి ఇలా రాశారు: "ఆత్మ మంచిదే. కరెంటు పోయినప్పుడు ఏం చేస్తుందో రచయిత ఆలోచించలేదు." గరుడకేతు గురించి: "గోడలన్నీ దూకుతాడు, చెప్పు ఒక్కసారి కూడా ఊడదు. ఆ చెప్పులు ఎక్కడ కొన్నాడో రాస్తే పదిమందికీ ఉపయోగం." 'లిఫ్టులో ఎవరు?' గురించి మాత్రం క్లుప్తంగా తేల్చేశారు: "మంచి పుస్తకం. భయం వెయ్యలేదు."

నేను కవర్లో పెట్టి పంపాను. జవాబు అంత త్వరగా వస్తుందని అనుకోలేదు.

"విషయం: భయము కలుగకపోవుట, సంజాయిషీ కోరుట గురించి. భయానక విభాగము క్రింద కొనుగోలు చేసి తమ శాఖకు సరఫరా చేసిన గ్రంథమును చదివిన పిదప సదరు లబ్ధిదారుకు భయము కలుగకపోవుట మండలి దృష్టికి వచ్చినది. ప్రజాధనముతో సమకూర్చిన భయమును లబ్ధిదారు వినియోగించుకొనకపోవుటకు గల కారణములను వెంటనే తెలుపవలెను. భయపడని పాఠకులు అధికముగా గల శాఖలను సమీప శాఖలో విలీనము చేయు ప్రతిపాదన పరిశీలనలో ఉన్నది."

మాకు సమీప శాఖ అంటే ఏటి అవతల. పంటు ఎక్కి వెళ్ళాలి. పంటు నిండితే గాని కదలదు. చదువుకోవడానికి ఏరు దాటే ఓపిక మా ఊళ్ళో ఎవరికీ లేదని నాకు తెలుసు. అందులో నేనూ ఒకణ్ణి.

ఆ కాయితం పట్టుకుని పేరిందేవి గారింటికి వెళ్ళాను. సంగతంతా చెప్పి, 'వెయ్యలేదు' కొట్టేసి 'వేసింది' అని రాయమని, ఒక్క మాటే కదా అని బతిమాలాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని మండలి ఉత్తరం ఆసాంతం చదివారు. అలవాటు చొప్పున రెండు చోట్ల పెన్సిలుతో తప్పులు దిద్దారు.

"సీతాపతీ, నాకు భయం వెయ్యలేదు నాయనా. వెయ్యంది వేసిందని రాస్తే అది అభిప్రాయం ఎలాగవుద్ది?" అన్నారు. "పోనీ, ఈ ఉత్తరం చదివితే కాస్త బెరుకు పుట్టిందని రాసిస్తాను. పనికొస్తదేమో చూడు."

పనికిరాదని ఉత్తరం వెనక్కి తీసుకున్నాను.

ఈలోగా సాహస విభాగంలో ఇంకో చిక్కు వచ్చిపడింది. చెల్లయ్య గరుడకేతు పుస్తకం మీద "సూపరు. ఒళ్ళు ఉడికిపోయింది" అని రాశాడు. మండలి వారు ఎంతో సంతోషించి, ఒళ్ళు ఉడికిన పిదప లబ్ధిదారు ఒనర్చిన సాహస కార్యము వివరములు ఫోటోతో సహా పంపమన్నారు. చదివి ఊరుకుంటే పథకం ఫలితం కనపడదట.

చెల్లయ్యకు ఈ సంగతి చెప్పినప్పుడు భయపడతాడనుకున్నాను. వాడి మొహం వెలిగిపోయింది. ఇన్నేళ్ళలో ప్రభుత్వం తననొక పని అడగడం ఇదే మొదలన్నాడు. గవ్వలరేవులో గాజు మనుషులు లేరు. ఆలోచించి ఆలోచించి, పాల కేంద్రం ముందున్న మురుగుకాలవ దూకుతానన్నాడు. అది దాటడానికి పక్కనే రాతి పలక ఉంది. పలక మీదుగా వెళితే సాహసం కిందకు రాదని వాడే చెప్పాడు.

దూకే రోజున బజారు సగం అక్కడే ఉంది. చెల్లయ్య లుంగీ బిగించి, గరుడకేతు ముఖచిత్రంలో నిలబడ్డట్టు ఒక చెయ్యి పైకెత్తి, పరుగెత్తుకొచ్చి దూకాడు. కాలవ దాటాడు, అందులో సందేహం లేదు. అవతలి ఒడ్డున ఆరబెట్టిన పాల క్యాన్లను లెక్కలోకి తీసుకోలేదు. ఆ చప్పుడు ఏటిదాకా వినపడింది. నేను ఫోటో తీసి పంపాను. తిరుగు టపాలో మండలి తృప్తి వెలిబుచ్చింది. "సాహసము: సంతృప్తికరము. చీలమండ బెణుకు: గమనించడమైనది. మిగిలిన పాఠకులు కూడా ఈ మార్గమును అనుసరించునట్లు చూడవలెను."

ఆ మర్నాటి నుంచి పేపరు పెద్దమనుషులు రావడం మానేశారు. వాళ్ళలో రిటైరైన సబ్‌ పోస్టుమాస్టరు గారు, తాను గరుడకేతు పుస్తకంలో బొమ్మలు మాత్రమే చూశానని, మాటలు చదవలేదని, కనుక దూకవలసిన బాధ్యత తన మీద లేదని నాకొక కాయితం రాసిచ్చి మరీ వెళ్ళారు.

సాహసం గట్టెక్కింది కాని, భయం అలాగే ఉండిపోయింది. చివరికి మా శాఖలో భయ నిర్ధారణ శిబిరం పెడుతున్నామని, భయము మరియు సాహసముల ప్రత్యేకాధికారి గంటి విశ్వేశ్వరం గారు స్వయంగా వస్తున్నారని కబురొచ్చింది.

విశ్వేశ్వరం గారు సన్నగా, పొడుగ్గా, సఫారీ సూటులో వచ్చారు. ఎన్నో ఏళ్ళుగా ఫైళ్ళలో రాసి రాసి, నోటితో కూడా ఫైళ్ళ భాషే మాట్లాడేవారు. మేడెక్కి ఆయాసపడుతూ, "తాగునీటి సదుపాయము కల్పింపవలసినది" అన్నారు నాతో. నన్ను నేను పంపించుకుని నీళ్ళు తెచ్చాను. ఆయన వెంట ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి సువార్తమ్మ అనే నర్సు రక్తపోటు చూసే మిషనుతో వచ్చింది. చదవక ముందొకసారి, చదివాక ఒకసారి రక్తపోటు కొలుస్తారు. పెరిగితే భయం వేసినట్టు. పెరగకపోతే మేం ఏరు దాటినట్టు.

పేరిందేవి గారు ఉతికిన జరీ అంచు చీర కట్టుకుని, పరీక్షకు వచ్చినట్టు సమయానికి వచ్చారు. 'లిఫ్టులో ఎవరు?' ఆవిడ ముందు పెట్టాం. మొదట కొలిచారు. ఆవిడ పేజీలు తిప్పారు. ఒకచోట ఆగి కళ్ళు ఒత్తుకున్నారు. అది విశ్వేశ్వరం గారు చూడలేదు, ఆయన దృష్టంతా మిషను మీదే ఉంది. మళ్ళీ కొలిచారు.

"చదివాక కొంచెం తగ్గిందండి" అంది సువార్తమ్మ.

ప్రత్యేకాధికారి గారు కాసేపు ఆలోచించి, 'రుణాత్మక భయము' అని రాసుకున్నారు.

వాతావరణం అనుకూలంగా లేదని ఆయనకు అనుమానం వచ్చింది. కిటికీలు మూయించారు. ఫ్యాను ఆపించారు. మిట్టమధ్యాహ్నం కావడంతో చీకటి రాలేదు కాని చెమటలు వచ్చాయి. అప్పుడాయన నన్ను బీరువా వెనక్కి వెళ్ళి సహాయక ధ్వనులు చేయమని ఆదేశించారు. నా సర్వీసు నిబంధనల్లో ఎక్కడా మూలగకూడదని లేదు. బీరువా వెనక నిలబడి శక్తికొలదీ మూలిగాను.

పేరిందేవి గారు తల తిప్పకుండానే, "గొంతు పట్టేసిందా సీతాపతీ? సాయంత్రం మా ఇంటికి రా, మిరియాల పాలు కాచిస్తాను" అన్నారు.

రక్తపోటు అలాగే ఉంది.

ఇక మిగిలింది మిషను మీద అనుమానం. అది సరిగా పనిచేస్తోందో లేదో తన మీదే పరీక్షించమని విశ్వేశ్వరం గారు చొక్కా చెయ్యి పైకి మడిచారు. సువార్తమ్మ పట్టీ చుట్టింది. ఆయన కుడిచెయ్యి ఊరికే ఉంది, ముందు పుస్తకం తెరిచి ఉంది. ఇన్ని శాఖలకు ఇన్ని పుస్తకాలు పంపినా ఆయన అంతవరకూ అందులో ఒక్కటీ చదవలేదని తరవాత తెలిసింది. ఆయన పని పుస్తకాల గురించి రాయడం. ఊరికే ఒక పేజీ తిప్పారు. ఇంకోటి తిప్పారు. ఆ పైన ఆయన మాతో మాట్లాడలేదు.

"సార్, పెరుగుతోందండి" అంది సువార్తమ్మ.

ఆయన వినలేదు. బొమ్మలో ఒక ఆఫీసరు ఒంటరిగా లిఫ్టు ఎక్కుతాడు. తలుపులు మూసుకుంటాయి. అంతస్తుకూ అంతస్తుకూ మధ్య లిఫ్టు ఆగిపోతుంది. వెనకనుంచి ఒక గొంతు మెల్లిగా, 'ఎన్నో అంతస్తండి?' అని అడుగుతుంది. ఆ పేజీ దగ్గర విశ్వేశ్వరం గారు పుస్తకం ఠపీమని మూసేశారు. ఒక్కసారిగా లేచి నిలబడి, ఫైలు భాష మరచిపోయి, కిటికీలు తియ్యండి బాబూ అన్నారు. అప్పటికే సువార్తమ్మ అంకె రాసేసింది. రికార్డులో రాసింది కొట్టేయడానికి వీల్లేదని నిబంధన పెట్టింది కూడా ఆయనే.

శాఖలో కూర్చుని పుస్తకం చదివినవాడెవడైనా ఆ శాఖ లబ్ధిదారే. అలా ఆయన భయం మా ఖాతాలో పడింది. జిల్లాలో అంత భయం ఇంకెక్కడా నమోదు కాలేదు. గవ్వలరేవుకు ప్రథమ స్థానం వచ్చింది. ప్రశంసాపత్రం వస్తే గోడకు తగిలించాను. చెల్లయ్య కుంటుతూ వచ్చి మిఠాయి పంచాడు.

ఆ సంబరం ఎక్కువ రోజులు నిలవలేదు. మండలిలో ఆరోగ్య భద్రత చూసే ఇంకో విభాగం ఉందట. మా అంకె అక్కడికి చేరింది. గవ్వలరేవు శాఖయందు భయము సురక్షిత పరిమితిని దాటినందున, ప్రజారోగ్యము దృష్ట్యా సదరు శాఖను మూసివేయుటకు నిశ్చయించడమైనదని, వచ్చే నెల మొదటి తేదీన తాళములు అప్పగించవలెనని ఉత్తర్వు వచ్చింది. భయం తక్కువైతే విలీనం, ఎక్కువైతే మూత. సరిపడా భయం ఎంతో ఏ ఉత్తర్వులోనూ లేదు.

నేను బీరువాలు సర్దడం మొదలుపెట్టాను. పేరిందేవి గారు వచ్చి ఉత్తర్వు చదివి, ఈసారి పెన్సిలు కూడా తియ్యలేదు.

"ఆయన సగంలో మూసేశాడు సీతాపతీ" అన్నారు. "సగం చదివినవాడి భయానికి మొత్తం గ్రంథాలయం మూస్తారా? పద, పోయి చెబుదాం."

పుస్తకం సంచీలో పెట్టుకున్నారు. చెల్లయ్య మమ్మల్ని బస్సు స్టాండులో దించి డబ్బులు తీసుకోలేదు. జిల్లా కేంద్రానికి చేరేసరికి మధ్యాహ్నం భోజనాల వేళ దాటిపోయింది.

మండలి భవనం ఎత్తయినది. విశ్వేశ్వరం గారి గది పై అంతస్తులో ఎక్కడో ఉంది. లిఫ్టు దగ్గర జనం ఉండటంతో మెట్ల దారి పట్టాం. కాస్త ఎక్కగానే మలుపు దగ్గర, గోడకు ఆనుకుని, ఫైళ్ళు ఒళ్ళో పెట్టుకుని మెట్టు మీద కూర్చున్న మనిషి కనిపించారు. ఆయనే. మొహం వాడిపోయి ఉంది. మమ్మల్ని చూసి లేవబోయి, లేవలేక కూర్చున్నారు.

ఆరోగ్యరీత్యా మెట్లు ఎక్కుచున్నానని మొదట చెప్పారు. పేరిందేవి గారు ఆయన పక్క మెట్టు మీదే కూర్చున్నారు. అప్పుడాయన అసలు సంగతి చెప్పారు. ఆ రోజు నుంచి లిఫ్టు ఎక్కలేకపోతున్నారట. తలుపులు మూసుకోగానే వెనక ఎవరో ఉన్నట్టు అనిపిస్తోందట.

"ఉన్నట్టు అనిపించడమేం లెండి, ఉన్నాడు" అన్నారు. "మా లిఫ్టు నడిపే మనిషి. ఇన్నేళ్ళూ ఎక్కాను, దిగాను. ఆయన మొహం ఎలా ఉంటదో నాకు తెలవదండి. ఎప్పుడూ వెనక్కి తిరిగి చూళ్ళేదు. ఇప్పుడు చూద్దామంటే భయం."

పేరిందేవి గారు సంచీలోంచి పుస్తకం తీశారు. ఆయన మొహం తిప్పుకున్నారు. చూడొద్దులెండి, నేను చదువుతాను వినండి అని, ఆయన ఆపేసిన పేజీ నుంచి మొదలుపెట్టారు. ఒకప్పుడు మాకు డిక్టేషన్ చెప్పినట్టు, కామాకు ఆగి, ఫుల్‌స్టాపుకు ఇంకాస్త ఆగి చదివారు. మెట్లు ఎక్కేవాళ్ళు, దిగేవాళ్ళు మా చుట్టూ తిరిగి వెళ్ళారు.

కథ ఇది. ఆ భవనంలో లిఫ్టు నడిపే ముసలాయన ఒకడుండేవాడు. సాయంత్రం తన బదులు డ్యూటీకి రావలసిన మనిషి ఒకరోజు రాలేదు. లిఫ్టు వదిలి వెళితే ఎలా అని ఆయన ఉండిపోయాడు. మర్నాడూ రాలేదు. అలా ఉండగానే ఆయన గుండె ఆగిపోయింది. ఎక్కేవాళ్ళు, దిగేవాళ్ళు ఎవరూ గమనించలేదు. ఎన్నో అంతస్తో చెబుతూనే ఉన్నారు, ఆయన తీసుకెళుతూనే ఉన్నాడు. ఎవరినీ ఏమీ చెయ్యడు. ఎన్నో అంతస్తని అడుగుతాడు, అంతే. చివరి పేజీలో ఒక చిన్నపిల్ల లిఫ్టు ఎక్కి, నువ్వెక్కడికి వెళ్ళాలి తాతా అని తిరిగి అడుగుతుంది. ఇంటికమ్మా అంటాడు. లిఫ్టు కిందికి దిగుతుంది, తలుపులు తెరుచుకుంటాయి. లోపల ఖాళీ స్టూలు ఒక్కటే ఉంటుంది.

పేరిందేవి గారు పుస్తకం మూశారు. విశ్వేశ్వరం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తుడిచినకొద్దీ మసకే వచ్చినట్టుంది, చాలాసేపు తుడిచారు. ఇది దెయ్యం కథ కాదు కదండీ అన్నారు చివరికి. దెయ్యం కథేనని, అయితే పూర్తిగా చదవాలని ఆవిడ చెప్పారు.

ఆయన లేచి నిలబడ్డారు. ఫైళ్ళు నా చేతికిచ్చి, పైకి లిఫ్టులోనే వెళదామన్నారు.

లిఫ్టు వచ్చింది. ముగ్గురం ఎక్కాం. తలుపులు మూసుకున్నాయి. వెనక మూలలో స్టూలు మీద, కాలరు అరిగిపోయిన ఖాకీ చొక్కాలో, నెరిసిన మీసాల మనిషి ఒకాయన ఉన్నాడు. ఎన్నో అంతస్తండి అని అడిగాడు. విశ్వేశ్వరం గారి భుజాలు బిగుసుకోవడం నేను చూశాను. ఆయన నిదానంగా వెనక్కి తిరిగి, ఆ మనిషి మొహంలోకి చూశారు.

"మీ పేరేంటండి?" అన్నారు.

ఆ మనిషి కంగారుగా స్టూలు మీద నుంచి లేచాడు. ఏదో తప్పు జరిగిందనుకున్నాడు పాపం. కన్నబాబండి అన్నాడు.

"భోంచేశారా కన్నబాబు గారూ?"

కన్నబాబు మా ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు. తనకు బదులు నిలబడే మనిషి రిటైరైపోయాడని, ఆ పోస్టు ఇంతవరకూ నింపలేదని, పొద్దుట ఎక్కితే సాయంత్రందాకా దిగడానికి లేదని చెప్పాడు.

"మరి ఎప్పుడు తింటారు?" అన్నారు పేరిందేవి గారు.

"లిఫ్టు పాడైన రోజున తింటానండి" అన్నాడు కన్నబాబు. ఫిర్యాదు చేస్తున్నట్టు కూడా లేదు. "మొన్న మంగళారం పాడైందండి. ఆ రోజు సుబ్బరంగా తిన్నాను."

విశ్వేశ్వరం గారు తన గదికి చేరగానే సీటులో కూర్చుని, లబ్ధిదారుగా తన అభిప్రాయం సొంత చేత్తో రాశారు. "సగం చదివినప్పుడు భయం వేసింది. పూర్తిగా చదివాక జాలి వేసింది. అందువల్ల భయం పోయింది. గవ్వలరేవు గ్రంథాలయం వల్ల ఎవరి ఆరోగ్యానికీ ఇబ్బంది లేదు." అలా సాదా తెలుగులో ఆయన రాయగా ఆ ఆఫీసులో ఎవరూ చూసి ఉండరు. సూపరింటెండెంటు వచ్చి చదివి తల పట్టుకున్నాడు. ఫారంలో భయానికి గడి ఉందట, సాహసానికి గడి ఉందట. జాలికి లేదట. ఎక్కడ వేయాలని అడిగాడు.

ఫైలు అధ్యక్షులవారి దగ్గరకు వెళ్ళింది. భయానక విభాగము క్రింద కొనుగోలు చేసిన గ్రంథమునుండి జాలి ఉత్పన్నమగుట కొనుగోలు నిబంధనలకు లోబడి యున్నదా, లేదా అన్న ప్రశ్న వారు లేవనెత్తారు. జాలి గడి ఆవశ్యకతను పరిశీలించడానికి ఒక ఉపసంఘం ఏర్పాటయింది. జాలిని దేనితో కొలవాలన్న దగ్గర ఉపసంఘంలో భేదాభిప్రాయాలు వచ్చాయి. నివేదిక వచ్చేదాకా గవ్వలరేవు శాఖ విషయంలో యథాతథ స్థితి కొనసాగించాలని ఆదేశించారు. మా గ్రంథాలయం ఇవాళ్టికీ తెరిచి ఉండటానికి కారణం ఆ లేని గడి. పేపరు పెద్దమనుషులు మళ్ళీ వస్తున్నారు. పేరిందేవి గారు ఇప్పుడు భయానక విభాగం పూర్తిచేసి, మొదటి నుంచి రెండోసారి చదువుతున్నారు.

కన్నబాబుకు బదులు మనిషిని వేసే అధికారం విశ్వేశ్వరం గారికి లేదు. ఆ పోస్టు ఫైలు వేరే విభాగంలో, వేరే అంతస్తులో నిద్రపోతోంది. ఆయనకున్న అధికారమల్లా భయం మీదే. ఆయన రెండు రోజులు ఆలోచించి, ఉద్యోగులలో భయ నివారణ నిమిత్తం అని పైన రాసి, ఒక ఉత్తర్వు తయారుచేశారు. అధ్యక్షులవారు ఎప్పటిలాగే చదవకుండా సంతకం పెట్టారు. మర్నాడు మధ్యాహ్నం వారు మెట్లన్నీ ఎక్కి, రొప్పుతూ వచ్చి, ఈ ఉత్తర్వు ఎవరిచ్చారని అడిగితే, విశ్వేశ్వరం గారు వినయంగా లేచి నిలబడి వారి సంతకమే వారికి చూపించారట.

మొన్న నేను ఏదో పని మీద మండలికి వెళ్ళాను. మధ్యాహ్నం. కింద లిఫ్టు తలుపు పక్కన కన్నబాబు స్టూలు మీద క్యారియర్ విప్పుకుని, చారన్నం కలుపుకుంటున్నాడు. నన్ను గుర్తుపట్టి, రండి బాబూ తిందాం అన్నాడు. తలుపుకు చక్కని అక్షరాలతో ఒక బోర్డు వేలాడుతోంది:

"లిఫ్టు భోజనమునకు వెళ్ళినది. అధికారులు మెట్లు ఎక్కవలెను."